రేడియో కట్టేసిన రోజు

నేను కళ్లద్దాల షాపులో పనిచేస్తాను. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది, తర్వాత నన్ను తిట్టుకోవడానికి మీకూ వీలుగా ఉంటుంది. పొద్దున పది నుంచి సాయంత్రం ఏడు దాకా నా పని ఒక్కటే. వచ్చినవాళ్లని కుర్చీలో కూర్చోబెట్టి, ఒక కన్ను మూసి, ఎదురుగోడ మీద ఉన్న అక్షరాల అట్టని పుల్లతో చూపిస్తూ చదివించడం. ఎవరికి దూరం ఆనదో, ఎవరికి దగ్గర ఆనదో గుమ్మంలో అడుగు పెట్టిన తీరుని బట్టే చెప్పేస్తానని షాపు డాక్టరుగారు నలుగురిలో మెచ్చుకునేవారు. నేనూ పొంగిపోయేదాన్ని. ఊరందరి కళ్లూ చూశాను, ఇంట్లో కళ్లు చూడలేదు. దీపం కింద చీకటి అని ఊరికే అన్నారా!

మా నాన్న స్కూలు బస్సు డ్రైవరు. అమ్మ అదే బస్సులో ఆయా. పిల్లల్ని ఎక్కించడం, దించడం, తలుపు వేయడం, వాంతి చేసుకున్నవాళ్ల మూతి తుడవడం అమ్మ పని. రెండేళ్ల క్రితం దాకా వెనక సీట్లో కూర్చునేది. తర్వాత మోకాళ్ల నొప్పులని చెప్పి నాన్న పక్కనున్న సీటుకి మారింది. అప్పటినుంచీ ఆవిడకి నోరు పెరిగింది. బస్సు కదిలిన దగ్గర్నుంచి ఆగేదాకా ఒకటే తిట్లు.

"ఈ ఎర్ర లైటుకి వేరే పనే లేదా, నన్ను చూడగానే వెలుగుతుంది!"

"ఆ సైకిలాయన చూడు, ఎడమ పక్క అంత చోటుండగా మన ముందే ఊరేగాలా?"

"ఈ గుంట పూడ్చండర్రా అంటే వినే దిక్కు లేదు. ఇదిగో, మళ్లీ వచ్చింది మహాతల్లి!"

పిల్లలు అమ్మని అనుకరిస్తూ ఇళ్లకి వెళ్లేవాళ్లు. తోటి డ్రైవర్లు ఆవిడకి 'రేడియో' అని పేరు పెట్టేశారు. వాళ్లలో ఒకాయన ఒకప్పుడు లారీ తోలినవాడు, అందరూ లారీ బాబాయ్ అంటారు, నోరు విప్పితే పక్క వీధి దాకా వినిపిస్తుంది. "నీ బండిలో రేడియో ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది కదయ్యా, చెవులు ఎలా ఉన్నాయి నీకు?" అని ఆయన ఆటపట్టిస్తే నాన్న నవ్వి, "కట్టేస్తే బండి కదలదురా," అనేవాడు. మేమంతా పడీపడీ నవ్వేవాళ్లం. ఎంత మంచి జోకో!

నాన్న నవ్వినా, మాట్లాడినా ఎదుటివాళ్ల కళ్లలోకి చూడడు, చెవి వంక చూస్తాడు. అదీ మా ఇంట్లో ఒక జోకే. పొద్దున్నే పేపరు నాచేత చదివించుకునేవాడు. "నువ్వు చదివితే వార్త కూడా పాటలా ఉంటుందమ్మా," అనేవాడు. ఆ పొగడ్త కోసం నేను సంతాప ప్రకటనలతో సహా మొత్తం పేపరు చదివేసేదాన్ని.

ఆ ఏడు ఎండాకాలం సెలవులు మొదలైన మర్నాటినుంచి నాన్న రోజూ మధ్యాహ్నం నాకు అన్నం డబ్బా తేవడం మొదలుపెట్టాడు. ఎండ నెత్తి మాడ్చేస్తున్నా ఆగేవాడు కాదు. డబ్బా నా బల్ల మీద పెట్టి, గోడవారగా ఉన్న బెంచీ మీద కూర్చునేవాడు. నేను తినడానికి లేచేలోగా ఇద్దరో ముగ్గురో అట్ట చదివేవాళ్లు. కళ్లు మూసుకుని, తల వెనక్కి వాల్చి వింటూ ఉండేవాడు. కునుకు తీస్తున్నాడనుకునేదాన్ని. షాపులో అందరూ, "మీ నాన్నగారికి నువ్వంటే ఎంత ప్రేమో," అనేవాళ్లు. ఔను మరి, అనుకునేదాన్ని గర్వంగా.

మా షాపులో ఉన్నది ఒకటే అట్ట. నేను చేరినప్పటినుంచీ అదే. పైన 'ర' ఒక్కటే పెద్దగా. దాని కింద 'గ ప'. దాని కింద 'త న ల'. అలా దిగుతూ దిగుతూ ఎనిమిదో వరసకి చీమ తలకాయంత అక్షరాలు. నాన్న ఇంట్లో బూట్లు తుడుచుకుంటూ, "ర... గప... తనల... వడదమ..." అని రాగం తీస్తూ ఉండేవాడు.

"ఆ పాట మానెయ్ నాన్నా, ఇంట్లో కూడా నాకు షాపే గుర్తొస్తోంది," అనేదాన్ని.

"రోజూ వింటుంటే నోటికొచ్చేసిందమ్మా, ఏం చేయను?" అనేవాడు. అబద్ధం కూడా కాదు అది.

సెలవుల మూడో వారంలో కంటి పరీక్ష. డ్రైవర్లంతా ఏటా వేసవిలో చూపు బాగుందని కాగితం తెచ్చి స్కూలు ఆఫీసులో ఇవ్వాలి. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఎడమ కన్ను మూశాను.

"చదవండి సార్," అన్నాను వేళాకోళంగా.

"ర," అన్నాడు. "గ, ప. త, న, ల. వ, డ, ద, మ..." ఎక్కడా తడుముకోలేదు, ఎక్కడా ఊపిరి తీసుకోలేదు.

"మెల్లగా నాన్నా! నా పుల్ల ఇంకా రెండో వరసలోనే ఉంది."

"నీ పుల్లకేం తెలుసమ్మా, నావి కుర్రకళ్లు," అన్నాడు. బెంచీ మీద వంతు కోసం కూర్చున్నవాళ్లు చప్పట్లు కొట్టారు. ఎనిమిది వరసలూ అప్పజెప్పేశాడు. కుడి కన్ను మూసినా అంతే. నల్లగుడ్లు చూస్తే పొర లేదు, మచ్చ లేదు, నిగనిగలాడుతున్నాయి. కాగితం మీద 'బాగుంది' అన్న గడిలో నా చేత్తోనే టిక్కు పెట్టాను. నా టిక్కు చూసి డాక్టరుగారు సంతకం పెట్టారు.

స్కూలు తెరవడానికి రెండు రోజుల ముందు, ఆదివారం, డ్రైవర్లంతా కుటుంబాలతో కలిసి బయట భోంచేయడం ఏటా ఉన్నదే. ఆ ఏడు కూడా నాలుగేళ్లుగా వెళ్తున్న ఆ బర్గర్ల హోటలుకే వెళ్లాం. నాలుగు రోడ్ల మూల మీద ఉంటుంది. దాని జనం సంగతి ఏం చెప్పను! లోపల పట్టనివాళ్లు ఫుట్‌పాత్ మీద, ఫుట్‌పాత్ పట్టనివాళ్లు రోడ్డు మీద. నేలకి బిగించేసిన స్టీలు బల్లలు, స్టీలు కుర్చీలు, పెనం మీద సుయ్‌మనే చప్పుడు, నూనె పొగ, టోకెన్ నంబర్ల కేకలు. అక్కడ బల్ల దొరకాలంటే ఒకటే పద్ధతి. తింటున్నవాళ్ల కుర్చీల వెనక వెళ్లి నిలబడాలి. మనం వీపు వెనక ఊపిరి తీస్తుంటే పాపం వాళ్లకి ముద్ద దిగదు, గబగబా మింగి లేచిపోతారు.

మేం పదకొండు మందిమి. గుమ్మంలోనే అమ్మ మొదలుపెట్టింది.

"ఎవడు పెట్టాడమ్మా ఇక్కడ మెట్టు, మనుషులు పడి చావడానికి కాకపోతే! నేలంతా తడి, తుడిచేవాళ్లు లేరు. ఈ పెద్దమనిషి చూడు, దారికడ్డంగా సంచీ పెట్టుకుని..."

"రేడియో ఆన్ అయింది," అన్నాడు లారీ బాబాయ్. అందరూ నవ్వారు. నాన్న మెట్టు దాటి, తడి దాటి, సంచీ దాటి లోపలికొచ్చాడు.

"వదినా, నువ్వూ మా ఆవిడా వెళ్లి కుర్చీల వెనక నిలబడండి," అన్నాడు లారీ బాబాయ్. "నువ్వు రెండు నిమిషాలు వాయించావంటే బల్లలు వాటంతటవే ఖాళీ అవుతాయి."

అమ్మ కదల్లేదు. "నేను వరసలో ఉంటాలే, ఇంకెవరైనా వెళ్లండి," అంది.

"మీ ఆయన్ని ఎవరూ ఎత్తుకుపోరమ్మా!" అంది పిన్ని, అంటే లారీ బాబాయ్ భార్య, అమ్మ చెయ్యి పట్టుకుని లాక్కుపోతూ. అమ్మ రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. ఈ వయసులో ఎంత అన్యోన్యం అనుకున్నాను. నా బుర్ర అలా పనిచేసింది ఆ రోజు.

వరసలో నాన్న, లారీ బాబాయ్, నేను. మిగతావాళ్లు వెనక. లారీ బాబాయ్ మా వైపు తిరిగి, కౌంటరుకి వీపు పెట్టి కబుర్లు చెబుతున్నాడు. వరస ఎంతకీ కదలడం లేదు. ఎందుకా అని తొంగిచూస్తే, కౌంటరు పైన గోడ నిండా ఉండే పెద్ద రంగుల బోర్డు లేదు. దాని చోట కొత్తగా మూడు టీవీలు బిగించారు. మూడూ ఆరిపోయి ఉన్నాయి. నల్లగా, అద్దాల్లా, మా మొహాలే అందులో కనిపిస్తున్నాయి. కింద కాగితం అంటించారు, 'బోర్డులు పనిచేయడం లేదు, ఏమున్నాయో అడగండి' అని. అడిగేవాళ్లు అడుగుతూ ఉంటే కౌంటరు అమ్మాయి గొంతు పోయింది.

"పెద్దాయనా, ఏమేం ఉన్నాయో చదువు," అన్నాడు లారీ బాబాయ్. "నేను అద్దాలు ఇంట్లో మర్చిపోయా. ఈ ఏడు కూడా నీకు నూటికి నూరు మార్కులంటగా!"

బోర్డు ఆరిపోయింది బాబాయ్, అని చెప్పబోయాను. నేను నోరు తెరిచేలోపే నాన్న గడ్డం పైకెత్తాడు. చూపుడు వేలు లేపాడు.

"మొదటిది మామూలు బర్గర్," అన్నాడు. "రెండోది చీజ్ బర్గర్. మూడోది చికెన్. నాలుగోది డబల్ చికెన్. కింద వరసలో చేప బర్గర్, పక్కన నక్షత్రం గుర్తు వేశాడు. దాని కింద పుట్టగొడుగులది, ఎర్ర అక్షరాలతో 'కొత్తది' అని రాశాడు చూడు. ఆ పక్కన..."

ఎక్కడా తడుముకోలేదు. ఎక్కడా ఊపిరి తీసుకోలేదు. వేలు ఒక్కో వరసా దిగుతోంది. నల్లటి అద్దం మీద.

లారీ బాబాయ్ వెనక్కి తిరిగి చూశాడు. ఒక్క క్షణం బిత్తరపోయి, ఆ తర్వాత పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. "ఓరి నీ అసాధ్యం కూలా! ఆరిపోయిన బోర్డు చదివేస్తున్నాడర్రా! నక్షత్రం గుర్తంట! ఎర్ర అక్షరాలంట!" వరసలో వెనకున్నవాళ్లూ నవ్వారు. మాకు తెలియనివాళ్లు కూడా నవ్వారు.

నాన్న వేలు గాల్లోనే ఆగిపోయింది. అది ఎంతసేపు, కనురెప్ప వేసినంతసేపు. తర్వాత అందరికన్నా గట్టిగా తనే నవ్వాడు. "మరేమనుకున్నావ్! నా కళ్లకి కరెంటు అక్కర్లేదురా!"

ర, గప, తనల, వడదమ. నా పుల్ల ఇంకా రెండో వరసలోనే ఉంది. అన్నం డబ్బా. బెంచీ మీద మూసుకున్న కళ్లు. నా చేత్తో పెట్టిన టిక్కు. ఒకదాని వెనక ఒకటి వచ్చి మీద పడుతుంటే ముందున్న కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. భగవంతుడా, ఈయన బస్సు తోలుతున్నాడు. రోజూ రెండు పూటలా నలభై ఒక్కమంది పిల్లల్ని ఎక్కించుకుని ఈయన బస్సు తోలుతున్నాడు.

దూరంగా, ఎవరిదో కుర్చీ వెనక నిలబడ్డ అమ్మ నా వంకే చూస్తోంది. ఆవిడ నవ్వడం లేదు. నేనూ నవ్వడం లేదు. అంత హోటల్లో నవ్వనివాళ్లం మేమిద్దరమే.

బల్ల దొరికింది. కూర్చున్నాం. ట్రేలు వచ్చాయి. అమ్మ నాన్న పక్కన చేరి మళ్లీ అందుకుంది.

"ఎవరు పెట్టారమ్మా ఈ సాసు గిన్నె ఈయన ఎడమ మోచేతి కింద, ఒలికి చావదూ! మంచినీళ్ల గ్లాసు కుడివైపు ఆ అంచు మీదా పెట్టేది, పడిపోవడానికి!"

నాన్న మోచెయ్యి సాసు గిన్నెని తప్పించుకుంది. చెయ్యి కుడివైపు అంచు దగ్గరికెళ్లి గ్లాసు అందుకుంది. అందరూ 'అబ్బ, ఈ రేడియో' అంటున్నారు. నేను మొట్టమొదటిసారి ఆ రేడియో విన్నాను. రెండేళ్లుగా చెవి పక్కనే మోగుతుంటే ఒక్కసారి కూడా వినలేదు. ఎర్ర లైటు. ఎడమ పక్క సైకిలు. గుంట. తిట్లు కావు అవి, ఒక్కటి కూడా తిట్టు కాదు.

ఇంతలో పక్క బల్ల నుంచి ఒక చిన్న పిల్ల, ఏడేళ్లుంటాయేమో, "డ్రైవర్ అంకుల్!" అని పరుగెత్తుకొచ్చి నాన్న మీద పడింది.

"అయ్యో, మన కిటికీ సీటు వసపిట్ట! ముందు పళ్లు రెండూ ఎక్కడ పారేసుకున్నావే?" అంది అమ్మ వెంటనే.

"ఓహో, వసపిట్టమ్మా!" అన్నాడు నాన్న దాని చెవి వంక చూస్తూ. "ఏదీ, పళ్లేవి? ఎలకెత్తుకుపోయిందా?"

"ఎల్లుండి ఫస్ట్ నేనే ఎక్కుతా!" అంది అది. నాన్న దాని తల నిమిరాడు. నా చేతిలో బర్గర్ ఒక్క కొరుకు దగ్గరే ఆగిపోయింది. ఏమే, ఒంట్లో బాగాలేదా, అని పిన్ని అడిగింది. ఎండ దెబ్బేమో అన్నాను.

మర్నాడు పొద్దున పేపరు చదవమని నాన్న అడగలేదు. నేనూ చదవలేదు.

ఆ మధ్యాహ్నం అన్నం డబ్బా పట్టుకుని అమ్మ వచ్చింది. నాన్న కూర్చునే బెంచీ మీదే కూర్చుంది. షాపులో ఇంకెవరూ లేరు, డాక్టరుగారు భోజనానికి వెళ్లారు.

"కనిపెట్టేశావు కదూ," అంది.

"ఎన్నాళ్లనుంచి?"

"నా మోకాళ్ల నొప్పులు మొదలైన దగ్గర్నుంచి."

"అంటే నీకు మోకాళ్ల నొప్పులు..."

"నాకేం రోగం! గుండ్రాయిలా ఉన్నాను." అమ్మ డబ్బా మూత తీసి, మళ్లీ పెట్టేసింది. "పోయినేడు ఇంకా కాస్త ఆనేది, పరీక్ష ఎలాగో గట్టెక్కాడు. ఇప్పుడు ఎదురుగా అంతా పొగ పట్టినట్టుంటుందట. పక్కలు తెలుస్తాయి. అందుకే మనిషిని చూడాలంటే చెవి వంక చూస్తాడు."

"నేను ఇక్కడే చచ్చానుగా అమ్మా! నాకు చెప్పొచ్చుగా!"

"నువ్వు ఇక్కడున్నావనే చెప్పలేదు. నీకు తెలిస్తే బండి ఆగిపోతుందని ఆయన భయం. బండి ఆగిపోతే ఆయన బతకడే. ఇరవై ఎనిమిదేళ్లు ఆ సీట్లో కూర్చున్న మనిషి, ఇంట్లో గోడలు చూస్తూ ఎలా కూర్చుంటాడు? ఆ గోడలైనా కనిపిస్తేగా!" అమ్మ కొంగు సర్దుకుంది. "రెండేళ్లు. బండికి ఒక్క గీత పడలేదు. కళ్లు నావి, చేతులు ఆయనవి. ఇద్దరం కలిస్తే ఒక డ్రైవరు. పూర్తి డ్రైవరు."

ఎంత ధీమాగా అందంటే, ఒక క్షణం నేనే తప్పు చేస్తున్నానేమో అనిపించింది. ఏం అడగాలో తెలియక నోటికొచ్చింది అడిగాను.

"నీకు తుమ్మొస్తే?"

"తుమ్మెంతసేపే పిచ్చిదానా..." అని మొదలుపెట్టిన అమ్మ మధ్యలో ఆగిపోయింది. మా అమ్మ మాట మధ్యలో ఆగిపోవడం నేనెప్పుడూ చూడలేదు.

"అమ్మా?"

"క్రితం చలికాలం. ఒక్కసారే. ఆ వసపిట్ట దిగింది, నేను తలుపేశాను. అది వాళ్లింటికి బండి వెనక నుంచి వెళ్లకుండా ముందు నుంచి రోడ్డు దాటుతోంది. నాకు తుమ్మొచ్చింది. కళ్లు తెరిచేసరికి బండి కదులుతోంది. పక్కనించి ఏదో మెదిలినట్టయి ఆయనే బ్రేకు తొక్కాడు." అమ్మ రెండు చేతులూ ఎడంగా పెట్టి చూపించింది. ఆ రెండు చేతుల మధ్యా అన్నం డబ్బా పడుతుంది, అంతే. "ఇంత దూరంలో ఆగింది."

గోడ మీద 'ర' నా వంక గుడ్లురిమి చూస్తోంది.

"ఏమైందని ఆయన అడిగాడు. కుక్క అడ్డొచ్చిందన్నాను," అంది అమ్మ. "ఈ దిక్కుమాలిన కుక్కలకి వేళాపాళా లేదని తిట్టాను కూడా. ఆయనకి ఇప్పటికీ తెలియదు. ఎవరికీ తెలియదు."

నిన్న నాన్న చెయ్యి నిమిరిన ఆ తల కళ్ల ముందు మెదిలింది. అమ్మ మీద అరవాలనిపించింది. అరిచాను కూడా. ఏమని అరిచానో గుర్తులేదు. తుమ్మితే ఊడే ముక్కుని పట్టుకుని రెండేళ్లు ఊరేగారా అన్నాను, అది గుర్తుంది. అమ్మ తల వంచుకుని డబ్బా క్లిప్పు తీస్తూ, వేస్తూ కూర్చుంది.

"ఆ కాగితం మీద టిక్కు నాది," అన్నాను చివరికి. "రేపు పొద్దున ఆఫీసుకెళ్లి నేనే చెప్పేస్తాను. కానీ ముందు నాన్నకి నువ్వు చెప్పు."

"ఆ పిల్ల సంగతి చెబితే అక్కడే కుప్పకూలిపోతాడే. నావల్ల కాదు."

"అయితే చెప్పకు. రేపు బండెక్కాక ఒక్క మాట కూడా మాట్లాడకు. అంతే. నేను గేటు దగ్గరుంటాను. నేను తీస్తేగా బండి బయటికొచ్చేది!"

అమ్మ నా వంక చూసింది. నువ్వు నా కడుపునే పుట్టావా అన్నట్టు చూసింది. తర్వాత లేచి వెళ్లిపోయింది. డబ్బా తెరవకుండానే బల్ల కింద పెట్టేశాను.

స్కూలు తెరిచే రోజు పొద్దున ఆరింటికి బస్సుల షెడ్డులో మేం ముగ్గురమే ఉన్నాం. ట్రాఫిక్ మొదలుకాకముందే బయల్దేరడం నాన్నకి రెండేళ్లుగా అలవాటు. ఎందుకో ఇప్పుడు తెలిసింది. తెల్ల చొక్కా, తుడిచిన బూట్లు. బస్సు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, ఒక్కో టైరునీ అరచేత్తో తట్టాడు. ఎక్కి కూర్చుని, స్టీరింగు గుడ్డతో తుడిచాడు. అమ్మ తన సీట్లో కూర్చుంది. తలుపు వేయలేదు. బస్సు మూతి గేటుకి రెండడుగుల దూరంలో ఉంది. గేటు మూసే ఉంది. గడియ మీద చెయ్యి వేసి నేను నిలబడ్డాను.

ఇంజను స్టార్ట్ చేశాడు. ఎదురుచూశాడు.

మామూలుగా అయితే ఈపాటికి, 'ఈ గేటు తెరవడానికి ముహూర్తం పెట్టాలేమో' అనో, 'తీశారు తల్లీ, ఇప్పటికి తీశారు' అనో వినిపించాలి. ఏమీ వినిపించలేదు.

"ఏం, ఇవాళ ఎవర్నీ తిట్టవా?" అన్నాడు నాన్న.

అమ్మ రెండు చేతులతో నోరు మూసుకుంది. ఇంజను దడదడలాడుతోంది.

"గేటు తీశారా?"

అమ్మ భుజాలు కదులుతున్నాయి. చప్పుడు మాత్రం బయటికి రానివ్వలేదు.

"రేడియో పాడైందా?" అన్నాడు నవ్వుతూ. ఆ నవ్వు ఎక్కడో మధ్యలో ఆగిపోయింది. ఎదురుగా అద్దంలోంచి సూటిగా నా వైపే చూశాడు. నేను ఆయనకి కనిపించలేదు. గేటు కనిపించలేదు. ఆ పొగలోకి అలా చూస్తూనే ఉన్నాడు. చేతులు స్టీరింగు మీద పది గంటా రెండు గంటల దగ్గర, కొత్తగా నేర్చుకునేవాళ్లు పెట్టినట్టు పెట్టుకుని కూర్చున్నాడు. ఎంతసేపు కూర్చున్నాడో చెప్పలేను.

"చలికాలంలో..." అన్నాడు మెల్లగా. "అది కుక్క కాదు కదూ?"

అమ్మ నోరు తీయలేదు.

నాన్న ఇంకోసారి అడగలేదు. తాళం తిప్పాడు. ఇంజను ఆగిపోయింది.

సీట్లోంచి లేచి, కడ్డీ పట్టుకుని ఒక్కో మెట్టూ కాలితో వెతుక్కుంటూ దిగాడు. రెండేళ్లలో మొదటిసారి అందరికీ తెలిసేలా వెతుక్కున్నాడు. గేటు దగ్గరికి వచ్చాడు.

"ఇక్కడే ఉన్నావు కదమ్మా. నీ చెప్పుల చప్పుడు ఇందాకే విన్నాను," అన్నాడు. తాళంచెవి ఉన్న చెయ్యి చాపాడు. గేటు స్తంభానికి చాపాడు. నేను స్తంభానికి ఇవతల ఉన్నాను. ఒక అడుగు పక్కకి జరిగి, స్తంభానికి అడ్డంగా ఆ చేతి ముందుకి వెళ్లి నిలబడ్డాను. తాళంచెవి చల్లగా చెమటపట్టి ఉంది.

అప్పుడే వచ్చిన లారీ బాబాయ్‌కి ఆ తాళంచెవి ఇచ్చి, ఈ పూట రెండు రూట్లూ మీరే తిప్పాలి బాబాయ్ అన్నాను. మా మొహాలు చూసి ఆ నోరుగల మనిషి ఒక్క మాట అడగలేదు. ఆ రోజు పిల్లలంతా అరగంట ఆలస్యంగా స్కూలుకి చేరారట. వసపిట్ట మాత్రం మొదట తనే ఎక్కిందట.

మేం ముగ్గురం ఆఫీసు వైపు నడిచాం. కాగితం మీద టిక్కు ఎవరిదో చెప్పాల్సింది నేను. నా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో అప్పటికి తెలియదు. నాన్న మధ్యలో, అమ్మ ఎడమవైపు, నేను కుడివైపు.

"అమ్మాయ్," అన్నాడు నాన్న.

"ఊఁ."

"ఆ అట్ట మొదటి వారంలోనే వచ్చేసిందమ్మా నాకు."

నాకు అర్థం కాలేదు. "అయితే?"

"ఆ తర్వాత కూడా నెలరోజులు డబ్బా తెచ్చానుగా," అన్నాడు నా చెవి వంక చూస్తూ.

నేను మొహం అటు తిప్పుకున్నాను. తిప్పుకోకపోయినా ఆయనకి కనిపించేది కాదు, అలవాటు కొద్దీ తిప్పుకున్నాను.

ఆఫీసు ముందుకి వచ్చాం. గుమ్మానికి మూడు మెట్లు. కట్టినవాడిని, కట్టించినవాడిని, పక్కన నిలబడి చూసినవాడిని అమ్మ ఇప్పుడు ఏకిపారేస్తుందని ఎదురుచూశాను. అమ్మ ఎవరినీ ఏమీ అనలేదు. దారిన పోయేవాళ్లు చూస్తున్నా నాన్న మోచెయ్యి పట్టుకుంది.

"మెట్టు," అంది. "ఇంకోటి. ఇంకోటి. అయిపోయాయి."